కథ తెలిసినా కదలనివ్వవు

*ముగింపు తెలుసు. మాటలు కంఠతా వచ్చు. అయినా పాత సినిమాకు టికెట్ కొనుక్కుని వెళ్తున్నారు. రీ-రిలీజుల హోరులో అసలు ప్రశ్న ఒకటుంది: చూసిన సినిమానే మళ్ళీ చూసేలా చేసేది ఏమిటి?*

2024 ఆగస్టు 9. మహేశ్‌బాబు పుట్టినరోజు. థియేటర్లలో ‘మురారి’ మళ్ళీ ఆడుతోంది. చివర్లో వచ్చే పెళ్ళి పాట మొదలవగానే హాల్లో కుర్చీలు ఖాళీ అయ్యాయి, అందరూ లేచి నిలబడ్డారు. పాట ఎత్తుగడ నుంచీ తెర మీది గొంతు ఎవరికీ వినిపించలేదు, హాలే పాడింది. పొట్లాల్లో కట్టి తెచ్చుకున్న అక్షతలు తెర వైపు ఎగిరాయి. కొన్ని హాళ్ళలో జంటలు దండలు మార్చుకున్నాయి. ఆ వీడియోలు తెల్లారేసరికి తెలుగువాళ్ళ ఫోన్లన్నీ చుట్టేశాయి.

కృష్ణవంశీ ఆ సినిమా తీసి విడుదల చేసింది 2001 ఫిబ్రవరిలో. అక్షతలు చల్లినవాళ్ళలో చాలామంది అప్పటికి చంటిపిల్లలు. కొందరు పుట్టనే లేదు. వాళ్ళు ‘మురారి’ని చూసింది టీవీలో, ఫోన్లో. ఇంట్లో ఉచితంగా దొరికేదాన్ని డబ్బు పెట్టి, పదిమందితో కలిసి చూడాలని వచ్చారు.

2022 ఆగస్టులో ‘పోకిరి’ ప్రత్యేక ప్రదర్శనలతో ఊపందుకున్న ఈ వరస ఇప్పటికీ ఆగలేదు. అభిమాన సంఘాల హడావుడి, హీరోల పుట్టినరోజులు, కొత్త సినిమాలు లేని వారాలు, ఇలా కారణాలు చాలా చెబుతారు. అవన్నీ నిజమే. కానీ పుట్టినరోజు ఒక్కటే చాలదు. ఒకే హీరో చేసిన పాతిక సినిమాల్లో కొన్నే మళ్ళీ వస్తున్నాయి, మిగతావి ఎవరూ అడగడం లేదు. ఆ కొన్నింట్లో ఏముంది?

తెలిశాక మారిపోయే సన్నివేశం

మొదటిసారి చూసేటప్పుడు ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఆత్రం మనల్ని లాక్కుపోతుంది. రెండోసారికి ఆ ఆత్రం ఉండదు. చాలా సినిమాలు అక్కడే చతికిలబడతాయి. రెండోసారి వచ్చినవాడికి కూడా కొంత దాచి ఉంచిన సినిమా మాత్రం మనిషితో ఉండిపోతుంది. ‘నాకు ఇష్టమైన సినిమా’ అని ఎవరైనా చెప్పేటప్పుడు వాళ్ళు కథ చెప్పరు, ఒక సన్నివేశం చెబుతారు. ఆ సన్నివేశాన్ని ఎన్నోసారి చూశాక అది తమదైందో కూడా చాలామంది చెప్పగలరు.

‘సాగరసంగమం’ (1983) చూడండి. బాలు పేదవాడు. పెళ్ళిళ్ళలో వంట చేసే తల్లి. నాట్యం తప్ప లోకం తెలియని మనిషి. ఒకరోజు మాధవి అతని చేతిలో ఒక నృత్యోత్సవ ఆహ్వాన పుస్తకం పెడుతుంది. బాలు పేజీలు తిప్పుతుంటాడు. దేశంలోని గొప్ప కళాకారుల ఫొటోలు ఒక్కొక్కటీ చూసి మురిసిపోతుంటాడు. వాళ్ళను చూసే భాగ్యం దక్కబోతోందన్న ఆనందమే ఆ ముఖంలో. ఇంకో పేజీ తిప్పుతాడు. అక్కడ తన ఫొటో. కమల్‌హాసన్ ముఖంలో మొదట ఏమీ కదలదు. ఆ తర్వాత నవ్వూ ఏడుపూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, మాట మాత్రం రాదు. ఎదురుగా మాధవిగా జయప్రద. ఆమె చేయాల్సిందల్లా అతన్ని చూస్తూ ఉండటం, అంతే చేసింది.

మొదటిసారి చూసినవాళ్ళకు అది సంతోష ఘట్టం. హాయిగా కళ్ళు తడుస్తాయి. కానీ తల్లి మరణంతో ఆ ఉత్సవంలో బాలు ఆడలేకపోతాడని, ఆ వేదిక అతనికి ఎప్పటికీ దక్కదని తెలిశాక మళ్ళీ చూస్తే? అదే పుస్తకం, అదే నవ్వు. ఒక్క ఫ్రేము కూడా మారలేదు. చూసేవాడు మారాడు. జరగబోయేది బాలుకు తెలియదు, మనకు తెలుసు. అతను నవ్వేకొద్దీ మనకు గుండె బరువెక్కుతుంది. కె.విశ్వనాథ్ ఈ ఘట్టంలో ఎక్కడా ముందస్తు విషాద సంగీతం పెట్టి హెచ్చరించలేదు. సంతోషాన్ని నిండుగా సంతోషంగానే తీశారు. అందుకే అది రెండోసారి మరింత బలంగా తాకుతుంది. దుఃఖాన్ని దాచడానికి సంతోషం కంటే మంచి చోటు లేదని ఆయనకు తెలుసు.

‘శంకరాభరణం’లోనూ ఇలాంటి పనే. శంకరశాస్త్రి, తులసి ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఎంతో తక్కువ. మొదటిసారి పాటల్లో పడి ఆ సంగతి గమనించం. మళ్ళీ చూసినప్పుడు, ఇంత గాఢమైన బంధాన్ని మాటల్లేకుండా ఎలా నిలబెట్టారా అని చూపులు, అడుగులు, దూరాలు వెతుక్కుంటాం. తులసిగా మంజుభార్గవి ప్రతిసారీ శాస్త్రికి ఎంత ఎడంగా నిలబడిందో గమనిస్తే చాలు, ఆ పాత్ర మనసు తెలుస్తుంది.

▣ డిప్యూటీ కలెక్టరు శాస్త్రి గారు
*‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. నాయకుడు జె.వి.సోమయాజులు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. తమ్ముడు జె.వి.రమణమూర్తితో కలిసి ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ఊరూరా ఆడిన రంగస్థల నటుడు. శాస్త్రీయ సంగీతంలో పద్ధతిగా శిక్షణ లేని ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర సాధన చేసి ఆ పాటలు పాడారు. బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరాంకు, మహదేవన్‌కు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఫ్రాన్సులోని బెజాన్సన్ చిత్రోత్సవంలో 1981లో ప్రేక్షకుల బహుమతి దక్కింది. విశ్వనాథ్ కన్నుమూసింది 2023 ఫిబ్రవరి 2న, ఆ సినిమా విడుదలైన తేదీనాడే.*

ఆరు దశాబ్దాలు దాటిన మాయ

ఇష్టమైన సినిమాల చర్చ తెలుగునాట ఎక్కడ మొదలైనా ‘మాయాబజార్’ దగ్గరికి రాక తప్పదు. 1957 మార్చి 27న వచ్చిన ఆ సినిమాకు 2013లో ఒక జాతీయ ఛానెల్ నిర్వహించిన పోల్‌లో దేశంలోనే గొప్ప చిత్రంగా ఓట్లు పడ్డాయి. ఓట్ల సంగతి పక్కన పెట్టినా, నాలుగు తరాలు కలిసి కూర్చుని చూడగల సినిమా ఇంకొకటి చెప్పమంటే తడుముకోవాల్సిందే.

దీని కథ అందరికీ ముందే తెలుసు. విజయా సంస్థ తీయకముందే నాటకాల్లో, 1936 నాటి చిత్రంలో శశిరేఖా పరిణయం జనం చూసి ఉన్నారు. అంటే మొదటి ఆట నాడే ప్రేక్షకుడు రెండోసారి చూసేవాడితో సమానం. కె.వి.రెడ్డి, పింగళి నాగేంద్రరావు ఇది బాగా ఎరిగి పని చేశారు. ‘ఏమవుతుంది’ మీద ఆధారపడకుండా ‘ఎలా అవుతుంది’ మీద సినిమా అంతా కట్టారు. శశిరేఖకూ అభిమన్యుడికీ పెళ్ళవుతుందా అని ఎవరూ కంగారు పడరు. లక్ష్మణకుమారుడు విడిదింట్లో ఏమేం అగచాట్లు పడతాడో చూడాలని మాత్రం అందరికీ ఉంటుంది.

ఇందులో సావిత్రి చేసిన పని దగ్గరగా చూడాలి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. అంటే ఎస్.వి.రంగారావు నటించిన రాక్షసుణ్ణి సావిత్రి తన ఒంట్లోకి తెచ్చుకోవాలి. పెళ్ళికూతురి సిగ్గు ఒలకబోస్తూ ఉన్నట్టుండి మీసం మెలేసే చేయి లేస్తుంది. నడకలో రంగారావు బరువు కనిపిస్తుంది. మళ్ళీ తేరుకుని ఆడపిల్ల అయిపోతుంది. పెళ్ళి పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు దూరుతుంటే పెదవులు, కళ్ళు, భుజాలు మూడూ మారిపోతాయి. పిల్లలు ఆ మార్పుకు నవ్వుతారు. పెద్దయ్యాక మళ్ళీ చూసినప్పుడు, ఒక నటి ఇంకో నటుణ్ణి ఎంత శ్రద్ధగా చదివితే ఇది సాధ్యమవుతుందన్నది ఆశ్చర్యపరుస్తుంది. ఎన్టీఆర్ కృష్ణుడు, ఏఎన్నార్ అభిమన్యుడు ఉన్న సినిమాలో బరువంతా మోసింది సావిత్రి, రంగారావులే అంటే ఎవరూ కాదనరు.

చిన్న పాత్రల సంగతి ఇంకో ఎత్తు. రమణారెడ్డి చిన్నమయ్య, అల్లు రామలింగయ్య, వంగర వేసిన శర్మ, శాస్త్రులు, రేలంగి లక్ష్మణకుమారుడు, సీఎస్సార్ శకుని. ప్రతి ఒక్కరికీ ఒక నడక, ఒక మాట తీరు, ఒక ఆశ ఉన్నాయి. మూలన నిలబడ్డ మనిషి కూడా ఊరికే నిలబడడు. సినిమాను పదిసార్లు చూసేవాళ్ళు పదోసారి చూసేది వీళ్ళనే. సత్యపీఠం మీద అడుగుపెట్టిన శకుని తన పన్నాగమంతా తానే కక్కేస్తుంటే సీఎస్సార్ ముఖంలో నోటికీ బుద్ధికీ జరిగే పెనుగులాట ఎన్నిసార్లు చూసినా పాతబడదు.

వెన్నెల విషయమూ చెప్పుకోవాలి. పడవ పాటలో నీటి మీద పరుచుకున్న వెలుగు చంద్రుడిది కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కల్పించినది. నలుపు తెలుపులో, ఈనాటి సాంకేతికత ఏదీ లేని రోజుల్లో. ఇప్పటి కుర్రకారుకు గ్రాఫిక్స్ కొత్త కాదు. అయినా ఆ వెన్నెల చూసి నోరు తెరుస్తారు. ఒక మనిషి చేతి పని అక్కడ కనిపిస్తుంది కాబట్టి.

▣ పాండవులు లేని భారతం
*‘మాయాబజార్’ మూడు గంటల సినిమాలో పంచపాండవులు ఒక్కరూ తెర మీద కనిపించరు. పాటల్లో నాలుగింటికి సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టారు, మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. తమిళంలో కూడా తీశారు, అక్కడ అభిమన్యుడు జెమినీ గణేశన్. రంగుల్లోకి మార్చిన తెలుగు చిత్రం 2010 జనవరి 30న విడుదలైంది.*

నవ్వు ముందే వస్తుంది

హాస్యానికి ఇంకో ధర్మం ఉంది. తెలిసిన జోకు చెబితే ఎవరూ నవ్వరు. మరి జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987) చూస్తూ దశాబ్దాలుగా జనం ఎందుకు నవ్వుతున్నారు?

పిసినారి లక్ష్మీపతి భోజనానికి కూర్చున్నాడు. ఎదురుగా కోడిని వేలాడదీశాడు. దాన్ని తేరిపార చూస్తూ, కోడికూర కలుపుకున్నట్టు ఊహించుకుంటూ ఉత్త అన్నం తింటున్నాడు. కోట శ్రీనివాసరావు ముఖంలో నవ్వించాలన్న ప్రయత్నం ఇసుమంత కూడా లేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆ కళ్ళల్లో నిజమైన తృప్తి. లక్ష్మీపతి దృష్టిలో అతను చేస్తున్నది పరమ సబబైన పని. జంధ్యాల రాసింది జోకు కాదు, ఒక మనిషి తర్కం. జోకు ఒకసారికి అయిపోతుంది. మనిషి అయిపోడు. అందుకే కోట పీట వేసుకుని కూర్చోకముందే ఇంట్లో నవ్వులు మొదలవుతాయి.

ఆ ఇంట్లో నౌకరు అరగుండు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరర్ బ్రహ్మానందానికి ఈ పాత్రే దారి చూపింది. లక్ష్మీపతి మాట్లాడుతున్నప్పుడు కోట నుంచి చూపు తప్పించి పక్కనున్న అరగుండును చూడండి. ఒక్క మాట లేకుండా ఆ ముఖం ఎన్ని తిట్లు తిడుతోందో తెలుస్తుంది. మొదటిసారి చూసేటప్పుడు ఇది దొరకదు, కళ్ళన్నీ కోట మీదే ఉంటాయి. 2025 జులై 13న కోట కన్నుమూసినప్పుడు ఆయన వేసిన భయంకరమైన విలన్లకంటే ముందు జనం తలుచుకున్నది ఈ పిసినారినే.

గొలుసు తెగే ముందు

1989 అక్టోబరు 5న ‘శివ’ వచ్చింది. రామ్‌గోపాల్‌వర్మకు తొలి సినిమా. సైకిలు గొలుసు లాగిన దృశ్యం గురించి చెప్పని తెలుగు సినీ అభిమాని లేడు. నిజానికి ఆ దృశ్యం బలం గొలుసులో లేదు, దానికి ముందున్న ఓర్పులో ఉంది. కాలేజీలో గూండాల ఆగడాలు జరుగుతున్నా నాగార్జున గొంతు పెద్దగా లేవదు. ఎక్కువగా చూస్తుంటాడు, వింటుంటాడు. అంతకుముందు తెలుగు హీరో కొట్టే ముందు మాట్లాడేవాడు. వర్మ ఆ ఉపన్యాసం తీసేశాడు. గొలుసు వస్తుందని తెలిసినవాళ్ళు ఆ నిశ్శబ్దాన్ని మరింత బాగా అనుభవిస్తారు. 2025 నవంబరు 14న ‘శివ’ డాల్బీ అట్మాస్ శబ్దంతో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు ఆ గొలుసు చప్పుడు కంటే, దానికి ముందు హాల్లో అలుముకున్న ఎదురుచూపే పెద్దది. అన్న కూతుర్ని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని సందుల్లో శివ తొక్కుకుంటూ పోతుంటే వెనక కారు తరుముకొచ్చే ఘట్టమూ అంతే. ఏమవుతుందో తెలిసి కూడా పిడికిళ్ళు బిగుస్తాయి.

అప్పుడు వద్దన్నది ఇప్పుడు ముద్దయింది

రీ-రిలీజుల్లో మనసుకు పట్టే ముచ్చట ఆడిన సినిమాలది కాదు, ఆడనివాటిది. 2010 అక్టోబరులో ‘ఖలేజా’ వచ్చినప్పుడు ‘అతడు’ లాంటిదే ఇంకోటి చూస్తామని జనం వెళ్ళారు. మాటలు ఆపని ఒక టాక్సీ డ్రైవరు, అతన్ని దేవుడని నమ్మే ఒక పల్లె. ఊహించింది దొరక్క తిరిగొచ్చేశారు. అదే ఏడాది నవంబరులో ‘ఆరెంజ్’. ప్రేమ జీవితాంతం నిలవదని చెప్పే హీరోను అప్పటి ప్రేక్షకులు ఒప్పుకోలేదు. నష్టం ఎంత గట్టిగా తగిలిందో నిర్మాత నాగబాబే బహిరంగంగా చెప్పారు.

తర్వాత టీవీ ఆ రెంటినీ ఇంటింటికీ తెచ్చింది. టికెట్ కొనలేదు కాబట్టి ఆశ లేదు, ఆశ లేదు కాబట్టి నిరాశ లేదు. అన్నం తింటూ, హోంవర్కు చేసుకుంటూ పిల్లలు ముక్కలు ముక్కలుగా చూశారు. ‘ఖలేజా’లో మహేశ్‌బాబు అంతదాకా చేయని అల్లరి వాళ్ళకు నచ్చింది. ‘ఆరెంజ్’ పాటలతో, ఆ హీరో వాదంతో కాలేజీ వయసుకొచ్చారు. ఆ పిల్లలే ఇప్పుడు టికెట్లు కొని ఆ సినిమాలకు రావాల్సిన చప్పట్లు కొడుతున్నారు. 2025 మే 30న ‘ఖలేజా’ మళ్ళీ విడుదలైతే కొత్త సినిమాకు ఉండేంత సందడి. ఆ చప్పట్లు పదిహేనేళ్ళు ఆలస్యంగా వచ్చినా, తీసినవాళ్ళకు అవి విలువైనవే.

‘అతడు’ సంగతీ చెప్పాలి. టీవీలో లెక్కలేనన్నిసార్లు వేశారు, వేసిన ప్రతిసారీ చూశారు. కిరాయి హంతకుడి కథ అది. కానీ చూసేవాళ్ళు ఆగిపోయేది ఆ పల్లెటూరి ఇంట్లో. చనిపోయిన మనవడి పేరుతో వచ్చిన అపరిచితుణ్ణి ఆ ఇల్లు తన మనిషిగా చేసుకునే తీరు దగ్గర. అసలు సంగతి ఏ క్షణాన బయటపడుతుందోనన్న భయం మొదటిసారికి సరి. ఆ తర్వాత మిగిలేది ఆ ఇంటి మమకారం.

▣ తుపానులో పుట్టిన సినిమా
*కె.రాఘవేంద్రరావు ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. సరిగ్గా అదే రోజు పెను తుపాను కోస్తాంధ్ర తీరాన్ని తాకింది. దారులు తెగి, ఊళ్ళు నీట మునిగిన పరిస్థితిలోంచి తేరుకుని ఆ సినిమా ఘనవిజయం సాధించింది. 35 ఏళ్ళకు, 2025 మే 9న, అదే తేదీన మళ్ళీ థియేటర్లకు వచ్చింది.*

చెవులతో చూసిన తరం

సినిమాను మళ్ళీ మళ్ళీ చూసే వీలు అందరికీ ఎప్పుడూ లేదు. టీవీ రాకముందు, సినిమా ఊరు వదిలి వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ లోటు తీర్చింది రేడియో. ఆకాశవాణి ప్రసారం చేసిన ‘సంక్షిప్త శబ్దచిత్రం’ కోసం ఇళ్ళల్లో పనులు ఆగేవి. ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ వంటి సినిమాల మాటలు బొమ్మ లేకుండానే నోటికి వచ్చేవి. సూర్యకాంతం గొంతు వినగానే ముఖం, ఎడమ చేయి విసురు అన్నీ కళ్ళకు కట్టేవి.

ఆ సినిమాలు చెవికి నిలిచాయంటే రచన అంత గట్టిది. చక్రపాణి, పింగళి, ఆ తర్వాత ముళ్ళపూడి, జంధ్యాల వంటి రచయితల మాటలు కళ్ళు మూసుకుని విన్నా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ఇప్పటి సినిమాల్లో ఎన్నింటికి ఈ పరీక్ష పెట్టగలం? బొమ్మ తీసేసి గంటసేపు విన్నప్పుడు నిలిచే సినిమాలు ఇప్పుడూ కొన్ని ఉన్నాయి. మళ్ళీ చూడాలనిపించేవి చాలావరకు అవే.

మోజు వెనక నష్టం

ఈ సంబరానికి ఇంకో పార్శ్వం ఉంది. 2022 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో ‘బిల్లా’ ఆడుతుంటే అభిమానులు కాల్చిన బాణసంచాతో థియేటర్లో మంటలు లేచాయి. కొన్నిచోట్ల తెరలు చిరిగాయి, కుర్చీలు విరిగాయి. సినిమా మీద ప్రేమతో వచ్చినవాళ్ళే సినిమా ఆడే చోటును పాడుచేయడం ఏ విధంగానూ సమర్థించలేనిది. పిల్లలతో వచ్చిన కుటుంబం భయపడి మధ్యలో లేచిపోతే అది ఆ సినిమాకు జరిగిన అవమానం.

అంతకంటే పెద్ద బాధ మరోచోట ఉంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ సినిమా ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. ఆ తరంవాళ్ళకు అది ఎంత ఇష్టమైన సినిమానో, ఏ సన్నివేశానికి ఈలలు వేశారో మనం తెలుసుకునే దారే లేదు. నెగెటివ్ అంటే ఒక రసాయన పదార్థం. వేడికీ చెమ్మకూ పులిసిపోయి, అతుక్కుపోయి, పొడిగా రాలిపోతుంది. గోదాముల్లో డబ్బాలు మూత తీయకుండా పడి ఉన్నన్నాళ్ళూ ఇది జరుగుతూనే ఉంటుంది. కాపాడాలనుకుంటే కాపాడగలం అనడానికి నిదర్శనమూ ఉంది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి ‘దేవదాసు’ నుంచి ‘మనం’ దాకా పది సినిమాలను దేశంలోని పలు నగరాల్లో ప్రదర్శించాయి.

ఇప్పుడు 4కె ముస్తాబుకు నోచుకుంటున్నవి ఎక్కువగా గత పాతిక, ముప్పై ఏళ్ళ స్టార్ల సినిమాలు. వాటికి అభిమాన సంఘం ఉంది, పుట్టినరోజు తేదీ ఉంది, ఖర్చు తిరిగొస్తుందన్న భరోసా ఉంది. జంధ్యాల హాస్యాన్ని, బాపు-రమణల బొమ్మలను, విశ్వనాథ్ చిత్రాలను ఇష్టపడేవాళ్ళు తక్కువేమీ కాదు. కానీ వాళ్ళు కటౌట్లు కట్టరు, టికెట్ల కోసం కౌంటరు దగ్గర గొడవ చేయరు. అందుకని వాళ్ళు ఉన్నట్టే లెక్కలోకి రావడం లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి ఊళ్ళలో ఉదయం ఆటకు చాలా తెరలు పల్చగానే నడుస్తున్నాయి. నెలకు ఒక ఉదయం ‘సాగరసంగమం’కో ‘ముత్యాలముగ్గు’కో ఇవ్వమని పదిమంది కలిసి మేనేజరును అడిగితే, కనీసం అటువైపు ఆలోచన మొదలవుతుంది. ప్రింటు ఎవరి దగ్గర ఉంది, ఏ స్థితిలో ఉందన్న ఆరా కూడా అప్పుడే మొదలవుతుంది.